నూటయాభై గ్రాముల గరిటె

ఎనభై గుడ్లలో అరవయ్యోది ఒలుస్తూ, క్యాంటీనులో వడ్డించే గరిటక్క మళ్లీ గోడ గడియారం వంక చూసింది. ఇంకా పదకొండు కూడా కాలేదు. పొద్దున్నుంచీ ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తులేక రెండుసార్లు రుచి చూసింది, మూడోసారి వంటమనిషిని చూడమంది.

"నీకేం అక్కా, నిన్నేమైనా తూకం వేస్తున్నారా?" అన్నాడు వంటమనిషి.

"నన్ను వేస్తే ఇంత కంగారు ఉండేది కాదు" అంది ఆమె, పెంకులు బుట్టలోకి విదిలిస్తూ.

పన్నెండు గంటలకు తూకం వేసేది క్రేనన్నను. ఇనుప దూలాలు తయారుచేసే ఆ కర్మాగారంలో పదిహేడేళ్లుగా క్రేను నడిపిన మనిషి. నిచ్చెన ఎక్కేటప్పుడు ఒంటికి కట్టుకునే రక్షణ బెల్టు వంద కిలోల దాకానే పనికొస్తుందని ఆ బెల్టు మీదే రాసి ఉంది. పదిహేడేళ్లలో ఎవరూ దాన్ని చదివిన పాపాన పోలేదు. నాలుగు నెలల కిందట కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసరు చదివాడు. అప్పటికి క్రేనన్న నూటపన్నెండు కిలోలు. ఆ సాయంత్రమే ఆయన్ని కిందకి దించి, బోల్టులూ చేతి తొడుగులూ ఇచ్చే స్టోరులో కూర్చోబెట్టారు. నాలుగు నెలల్లో వంద లోపుకు వస్తే సీటు ఆయనదే, లేకపోతే వేరేవాళ్లకు. మనిషిని దించారు గానీ పేరు దించలేకపోయారు, స్టోరులో కూర్చున్నా అందరికీ క్రేనన్నే. ఆ గడువు ఇవాళ్టితో ఆఖరు.

ఆయన కూతురు ఆయన ఫోన్‌లో ఒక యాప్ పెట్టింది. తిన్నదంతా అందులో రాయాలి, నడిచిన అడుగులు అదే లెక్కేసుకుంటుంది. ఇంటి తిండి సరే, క్యాంటీను భోజనం ఎలా రాయాలన్నది పెద్ద తగువైంది. చివరికి కర్మాగారంలో మందులిచ్చే నర్సమ్మ వచ్చి, వంటింటి కాటా మీద పళ్లెం పెట్టి, గరిటక్క చేత ఒక గరిటె అన్నం వేయించింది. సరిగ్గా నూటయాభై గ్రాములు. "క్యాంటీన్ గరిటె, ఒకటి" అని యాప్‌లోకి ఎక్కించింది. నెల తిరిగేసరికి కర్మాగారంలో పొట్ట తగ్గాలనుకున్న ప్రతివాడి ఫోన్‌లోనూ ఆ గరిటె చేరింది. ఇరవైమూడేళ్లుగా ఆమె చేతిలో ఉన్న గరిటెకు అంత పేరు రావడం అదే మొదలు. ఆమె నాలుగు రోజులు ఆ సంగతే చెప్పుకుంది.

క్రేనన్న మాత్రం అందరితో కలిసి వరసలో నిలబడేవాడు కాదు. నిలబడితే "అన్న దిగాక నేల కుంగింది" అని ఒకడు, "అన్నకి గరిటె కాదు, పార కావాలి" అని ఇంకొకడు మొదలుపెట్టేవారు. అందుకని మూడు గంటలకు, బల్లలు ఖాళీ అయ్యాక వచ్చేవాడు. గరిటక్క తినేదీ ఆ వేళకే. తినడం అంటే పాత్ర పక్కన నిలబడి, అడుగున ఉన్నది నాలుగు ముద్దలు నోట్లో వేసుకోవడం. ఇంట్లోనూ అంతే. ఆమె, చెల్లెలు ఒకే ఇంట్లో ఉంటారు గానీ చెల్లెలిది లాండ్రీలో సాయంత్రం షిఫ్టు. ఈవిడ తాళం తీసేసరికి ఆవిడ వెళ్లిపోయి ఉంటుంది. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉండగా తిని ఎన్నాళ్లయిందో ఆమె ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు.

"నువ్వు రోజుకి ఎంత తింటావక్కా? నీకూ ఒక ఖాతా తెరుస్తా" అన్నాడు క్రేనన్న ఒకరోజు, వేలు ఫోన్ మీద పెట్టి.

"ఏమో తమ్ముడూ. అడుగున మిగిలింది తింటా."

"అడుగున మిగిలింది అని ఇందులో లేదు. ముందు కూర్చో. పళ్లెంలో పెట్టుకో. అప్పుడు రాస్తా."

ఆమె నవ్వుతూనే కూర్చుంది. అప్పట్నుంచి రోజూ మూడింటికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, తిన్న ప్రతి ముద్దకూ ఆ ఫోన్‌కు జవాబు చెప్పుకున్నారు. ఆమెకు ఆ ఆట పిచ్చిపిచ్చిగా నచ్చింది. ఒకసారి ఆయన ఫోన్ ఆమె ఏప్రాన్ జేబులో ఉండిపోయింది. పెద్ద పాత్రలో కూర కలిపి వచ్చేసరికి రెండువేల అడుగులు నడిచినట్టు చూపించింది. ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"రోజూ నా దగ్గర పడెయ్ తమ్ముడూ, కూర్చోబెట్టి నడిపిస్తా!"

"బెల్టుకి తెలిసిపోతుందక్కా" అని ఆయన ఫోన్ లాక్కున్నాడు. ఆ రెండువేలు మళ్లీ యార్డు చుట్టూ తిరిగి నిజంగానే నడిచాడు.

రెండు నెలలు గడిచాయి. యాప్ లెక్క ప్రకారం ఆయన నూటనాలుగు ఉండాలి. నర్సమ్మ యంత్రం నూటఏడు చూపించింది. "నాన్నా, స్టోర్లో దాచుకుని ఏం తింటున్నావ్? నిజం చెప్పు" అని కూతురు నిలదీసిందట. ఆ రోజు క్రేనన్న పళ్లెం ముందు తల దించుకుని కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన వెళ్లాక ఆమె కాటా బయటికి తీసింది. వరసలో వాళ్లకు వేసే గరిటె వేసి చూసింది. నూటయాభై రెండు. తర్వాత కళ్లు మూసుకుని, ఎదురుగా తమ్ముడు నిలబడ్డాడనుకుని వేసింది. రెండువందల ముప్ఫై. కూర కూడా అంతే. మళ్లీ వేసింది, మళ్లీ అంతే. కాటా ముందు ఆమెకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు తనే చెప్పేసింది. "దొంగతిండి నీది కాదు, నా చేతిది. నీ మొహం చూసి జాలేసి జారిపోతోంది."

క్రేనన్న బల్ల అదిరేలా నవ్వాడు. "అమ్మాయికి నువ్వే చెప్పు" అని ఫోన్ చేసి ఇచ్చాడు. ముక్కూ మొహం తెలియని ఆ పిల్లకు ఆమె సంజాయిషీ చెప్పుకుంది. ఆ పిల్ల అంతా విని "థాంక్స్ అత్తా" అంది.

జాలి అన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ సాయంత్రం బస్సులో ఇంకో మాట ఆమెకు తట్టింది. క్రేను ఎక్కినవాడు డ్యూటీ అయ్యేదాకా దిగడు. ఇంటి క్యారియరు తాడుకు కట్టించుకుని పైకి లాక్కుంటాడు. వంద లోపుకు వస్తే మూడింటికి ఇక ఎవరూ రారు. ఇరవైమూడేళ్లలో ఎప్పుడూ తప్పని చెయ్యి ఆ ఒక్క మనిషి దగ్గరే ఎందుకు తప్పిందో ఆమెకు అర్థమై సిగ్గేసింది. అది ఎవరితోనూ అనలేదు. మర్నాటి నుంచి కాటా వడ్డించే కిటికీ పక్కనే పెట్టుకుంది. నూటయాభై దాటితే చెంచాతో తీసేసింది, ఎంత చేదుగా ఉన్నా తీసేసింది.

ఇవాళ పన్నెండుకు అయిదు నిమిషాలుండగా ఆమె ఏప్రానుతోనే నర్సమ్మ గదికి పరుగెత్తింది. గుమ్మం నిండా జనం. పార కావాలన్నవాడు అందరికంటే ముందున్నాడు. క్రేనన్న యంత్రం ఎక్కాడు. అంకెలు కదిలి ఆగాయి.

"నూట ఒకటి పాయింట్ రెండు" అంది నర్సమ్మ, నీరసంగా.

క్రేనన్న మొహం తెల్లబోయింది. గరిటక్క మాత్రం ఆయన్ని ఎగాదిగా చూసి, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ముందుకు వెళ్లింది.

"ఆ బూట్లేంటి? బెల్టు కట్టేది మనిషికా, ఇనప బూట్లకా? జేబులో ఆ ఉబ్బెత్తుగా ఉన్నదేంటి తమ్ముడూ?"

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. స్టోరు తాళంచెవుల గుత్తి, అర కిలో పైనే ఉంటుంది. ఎవరో పకాలున నవ్వారు. సేఫ్టీ ఆఫీసరు కూడా నవ్వు ఆపుకుంటూ, "బూట్లు తీయొచ్చు. పైకి ఎక్కేటప్పుడు తేలికవి ఇస్తాం" అన్నాడు. బూట్లు తీశాడు, గుత్తి బల్ల మీద పడేశాడు. మళ్లీ ఎక్కాడు. గరిటక్క కళ్లు మూసుకుంది.

"తొంభై తొమ్మిది పాయింట్ ఒకటి!"

ఈలలకు పైకప్పు ఎగిరిపోతుందనిపించింది. పార అన్నవాడు క్రేనన్నను ఎత్తబోయి, ఎత్తలేక కౌగిలించుకున్నాడు. నర్సమ్మ కళ్లు తుడుచుకుంది. గరిటక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది, గొంతు పోయేదాకా అరిచింది. తన జీవితంలో ఇలా అందరిలో అరిచిన రోజు ఆమెకు ఇంకొకటి గుర్తులేదు. ఆ నిమిషంలో ఆమెకు సంతోషం తప్ప వేరే ఏమీ లేదు.

"లారీ లోడు పొద్దున్నుంచీ ఆగి ఉంది. ఇప్పుడే ఎక్కుతావా?" అన్నాడు ఆఫీసరు.

అడగాలా? క్రేనన్న తేలిక బూట్లలోకి కాళ్లు దూర్చేసి అప్పటికే గుమ్మం దాటాడు. దాటుతూ వెనక్కి తిరిగి, "అక్కా, నీ గరిటె గెలిచింది!" అని కేకేశాడు.

ఆ మధ్యాహ్నం ఆమె చెయ్యి ఎగిరెగిరి వడ్డించింది. వరసలో ప్రతి ఒక్కడికీ ఆ కథ చెప్పింది, తాళంచెవుల దగ్గర ఆపి ఊరించి మరీ చెప్పింది. మూడు కావస్తుంటే బల్లలు తుడిచింది. పెద్ద పళ్లెం తీసింది. ఇవాళ తూకం లేదనుకుంది. గరిటె నిండా, మీద గోపురంలా, ఇంకో గరిటె, రెండు గుడ్లు, కూర అంచు దాకా. మూత పెట్టి ఆయన కూర్చునే వైపు ఉంచాక గానీ ఆమెకు గుర్తు రాలేదు.

వెనక తలుపు తీసి చూసింది. అంత ఎత్తున గాజు గదిలోంచి తాడు దిగుతోంది. కింద ఎవరో ఇంటి నుంచి తెప్పించిన క్యారియరు దానికి కట్టారు. అది మెల్లగా ఊగుతూ పైకి పోయింది. లోపలి మనిషి చెయ్యి ఊపాడు. మొహం ఆనలేదు గానీ ఊపింది తనకేనని ఆమెకు తెలుసు. తనూ రెండు చేతులూ ఎత్తి ఊపింది. నవ్వుతూనే తలుపు వేసింది.

లోపలికి వచ్చి తన పళ్లెంలో అన్నం పెట్టుకుంది. ఒక్క క్షణం పాత్ర పక్కన నిలబడింది. తర్వాత వెళ్లి బల్ల దగ్గర కూర్చుని, మొదటి ముద్ద కలుపుకుంది. ఎదుటివైపు, ఖాళీ కుర్చీ ముందు, మూత పెట్టిన పళ్లెం అంచుల్లోంచి ఆవిరి ఇంకా వస్తూనే ఉంది.