బొమ్మలక్క ఎత్తు

అట్టమీద గీసిన మనిషిని భుజాల దాకా కత్తిరించి, తల దగ్గరకు వచ్చేసరికి బొమ్మలక్క ఊపిరి బిగబట్టింది. మనిషంతా కలిపి బొటనవేలి కణుపంత. తల మిరియపు గింజంత. అక్కడ కత్తెర జారిందంటే ఆ మనిషి పని అయిపోయినట్టే. ఈమధ్య కళ్లు మాట వినడం మానేశాయి. ఒక తలకు రెండు కనిపిస్తున్నాయి. అందుకే ఇవాళ్టితో పని మానేసి, సాయంత్రం బస్సుకి చెల్లెలి దగ్గరకు వెళ్లిపోతోంది.

కుర్ర ఆర్కిటెక్టులకు ఆసరాగా నిలిచే సంస్థ అది. ఏటా కొందరిని ఫెలోలుగా తీసుకుంటుంది. వాళ్ల చేతికి మొదటిరోజు ఇచ్చే చిన్న పుస్తకంలో అందే సౌకర్యాలన్నీ వరసగా ఉంటాయి. నెలనెలా భత్యం, సొంతంగా ఒక బల్ల, సలహా చెప్పడానికి తలపండిన పెద్దాయన, స్థలం చిక్కులు విప్పడానికి లాయరు, కట్టబోయే వాటికి చిన్న నమూనాలు చేసుకునే మోడల్ గది, అట్టలు, జిగురు, సహాయకురాలు. ఆ చివరిది బొమ్మలక్క. జిగురు తర్వాతైనా తనను తలుచుకున్నారని అందరికీ చెప్పుకుని నవ్వేది.

మొదటి మూడు నెలలూ ఫెలోలు కంప్యూటర్ ముట్టుకోకూడదు. అట్ట కోసి, పక్కన అట్ట మనిషిని నిలబెట్టి, గుమ్మం ఎంత, కిటికీ ఎంత, కూర్చునే బల్ల ఎంత అన్నది కంటితో చూసి చేత్తో తేల్చుకోవాలి. అది పెద్దాయన పెట్టిన నియమం. ఆ మనుషులను కత్తిరించే పని బొమ్మలక్కది. చేరిన కొత్తలో ఎంత ఎత్తు కోయమంటారని అడిగితే, ఏదో పనిలో ఉన్న పెద్దాయన తల ఎత్తకుండానే "మనిషంత" అన్నాడు. ఆవిడ సరేనని తలుపుకు ఆనుకుని నిలబడి, తన నెత్తిమీద గీత గీయించుకుని, ఆ లెక్కన కుదించి కోసింది. ఇప్పటికీ అదే కొలత. ఆవిడ పొట్టిదన్న సంగతి అందరికీ కనిపిస్తూనే ఉంది గాని, అట్ట మనుషులు కూడా పొట్టివాళ్లేనని ఎవరికీ తట్టలేదు. ఫెలోలు తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని కొలతలు ఎలాగూ సరిచేసుకునేవారు.

కూర్చున్న మనుషులను మాత్రం ఆవిడ ఏనాడూ చేయలేదు. ఎవరైనా అడిగితే, "నాకే కూర్చోవడం చేతకాదు, బొమ్మకేం నేర్పను?" అనేది. మాట నిజమే. బస్సులో, బ్యాంకులో, డాక్టరు దగ్గర, ఎక్కడ కూర్చున్నా ఆవిడ కాళ్లు గాలిలో వేలాడుతుంటాయి.

నిన్న గుమ్మం దగ్గర ఊడుస్తుంటే పెద్దాయన ఫోనులో అంటున్న మాట చెవిన పడింది. "ఆ అట్ట మనుషులే పొట్టి. ఈ అమ్మాయి వాళ్లనే నమ్ముకుని కట్టేసింది. బల్లలన్నీ కిందికి దిగిపోయాయి."

ఆ అమ్మాయి నిరుటి ఫెలో. తండ్రి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ బయట మెట్లమీద కూర్చుని ఎదురుచూసిన పిల్ల. అలాంటివాళ్ల కోసమే ఆసుపత్రి పక్కన ఒక హాలు కట్టించింది. ఇవాళే తెరుస్తున్నారు. తన చేతి కొలతే దాన్ని పాడుచేసిందా?

అమ్మాయి రానే వచ్చింది. "పదండక్కా, బండి బయట ఉంది."

"నేనెందుకు లేమ్మా. సామాను సర్దుకోవాలి."

"సర్దడానికి నేనొస్తాగా. పదండి."

హాలు గుమ్మంలోకి రాగానే బొమ్మలక్క కాళ్లు ఆగిపోయాయి. ఇన్నేళ్లూ కట్టడాలను పైనుంచే చూసింది, కప్పు మూత తీసినట్టు తీసి లోపలికి తొంగిచూసేది. ఇప్పుడు ఆ కప్పే పైనుంచి తనను చూస్తోంది. మోడల్‌లో అగ్గిపుల్లలతో నిలబెట్టిన స్తంభాల కొసలు ఇక్కడ రెండు చేతులు పైకి చాచినా అందడం లేదు. మోడల్ కప్పుకు సూదితో తనే పొడిచిన రంధ్రాలలోంచి వెలుగు దిగి, గచ్చుమీద గుండ్రంగా పడుతోంది. ఒక వెలుగుచుక్కలో చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. తన ఒళ్లో పెట్టుకున్న గది ఇంత పెద్దదా?

"కూర్చోండక్కా."

అలవాటు ప్రకారం బల్ల అంచుకు జరిగి, భయంభయంగా కూర్చుంది. తర్వాత వెనక్కి జరిగింది. ఇంకా వెనక్కి జరిగి వీపు గోడకు ఆనించింది. రెండు పాదాలూ నేలమీదే ఉన్నాయి.

తల వంచి కాళ్లకేసి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

పక్కన కూర్చున్న ముసలావిడ అడిగింది. "మీవాళ్లెవరమ్మా లోపల?"

"ఎవరూ లేరమ్మా. ఊరికే చూద్దామని వచ్చా."

"చూడ్డానికేముంది, గోడలేగా. కూర్చోడానికి మాత్రం బావుంది. కాళ్లు లాగట్లేదు."

బొమ్మలక్క అమ్మాయి వైపు తిరిగి మెల్లగా అంది. "కొలత తప్పింది నా వల్లేనమ్మా. సార్ నిన్న ఫోనులో చెప్తుంటే విన్నా."

"మేస్త్రీ ముందే పట్టుకున్నాడక్కా. మార్చేద్దామనే అనుకున్నా. ఎందుకైనా మంచిదని, ఈ ఎత్తుకి ఇటుకలు పేర్చి బయట ఎదురుచూస్తున్న వాళ్లని కూర్చోమన్నా. లేస్తే ఒట్టు! అందుకే ఇలాగే ఉంచేశా. పొడుగువాళ్లకి అదిగో, అటు గోడ పక్కన వేరే వేయించా. ఫోనులో సార్ అన్నది చివరిదాకా వినలేదా మీరు? ఈ బల్లలు ముట్టుకోవద్దని ఆసుపత్రివాళ్లకి చెప్పింది ఆయనే."

బొమ్మలక్క కళ్లు తుడుచుకుంది. ఇంకాసేపు కూర్చుంటానంది. అలా తనంతట తానే అడిగి కూర్చోవడం ఆవిడకు అదే మొదలు.

తిరిగొచ్చాక మళ్లీ కత్తెర పట్టుకుంది. ఒక మనిషిని కోసి, నడుము దగ్గర ఒకసారి, మోకాళ్ల దగ్గర ఒకసారి మడిచింది. ముల్లు తీసే శ్రావణంతో పట్టుకుని జిగురు అద్దింది. అరలో ఉన్న ఆ హాలు మోడల్ దించి, కప్పు ఎత్తి, లోపల పెట్టింది. ఏప్రాన్ కొక్కేనికి తగిలించి, తాళం వాచ్‌మన్‌కి ఇచ్చి, బస్సు వేళకు వెళ్లిపోయింది.

మర్నాడు కొత్త ఫెలోలు వచ్చారు. వాళ్లలో ఒకతను ఆ మోడల్ కప్పు తీసి లోపలికి తొంగిచూశాడు. బల్లమీద, గోడకు వీపు ఆనించి ఒక అట్ట మనిషి కూర్చుని ఉంది, రెండు పాదాలూ నేలకు ఆనించి.