పీడ విరగడైన చెరువు

"ఎండకి విరిగిపోతుందండీ" అని ఫణికిరణ్ అన్న రోజు నుంచి మా చెల్లెలి మామగారు అచ్యుతరావు గారి కాలు నేల మీద నిలవడం లేదు. ఆ మాట ఆయన చెవికి 'పీడ విరగడైపోతుంది' అని వినపడింది. ఫణికిరణ్ దిద్దలేదు. ఏలూరులో కాలుష్యం మీద సలహాలు అమ్ముకుని బతికే మనిషి, దిద్దితే మళ్ళీ ఎవరు పిలుస్తారు?

కొల్లేరు పక్కన ఉన్న తన చేపల చెరువు గట్టును అచ్యుతరావు గారు పాత సామాన్ల వ్యాపారికి అద్దెకిచ్చారు. అక్కడ పాత టీవీలు పగలగొడతారు. రాగి ఏరుకోగా మిగిలిన నల్ల ప్లాస్టిక్ పెంకులు ఎండకు పెళుసెక్కి, పొడై, వాన పడితే చెరువులోకి దిగుతాయి. నిప్పంటుకోకుండా ఆ ప్లాస్టిక్కులో బ్రోమిన్ మందు కలుపుతారు. ఎండకి విరిగిపోతుందని ఫణికిరణ్ అన్నది దాని గురించే.

నేను తాడేపల్లిగూడెంలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఆ మందు అణువు పది బ్రోమిన్లు మోస్తూ ఉన్నంతకాలం ఒంట్లోకి అంత సులువుగా దూరదు. ఎండకు కొన్ని రాలతాయి, అడుగు బురదలో సూక్ష్మజీవులు ఇంకొన్ని ఊడగొడతాయి. నాలుగో ఐదో మిగిలేసరికి అది చిన్నదై చేప కొవ్వులో చేరి కూర్చుంటుంది. వడ్లగింజ మింగలేని కోడిపిల్ల నూకలు మింగినట్టే. ఇదంతా అచ్యుతరావు గారికి విడమరిచి చెప్పాను.

"మీరు పుస్తకాలు చదివారమ్మా. ఆయన చెరువు చూశారు" అన్నారాయన.

చూశాడు. కారు అద్దం దించకుండా చూశాడు.

వాళ్ళ చెరువు వాళ్ళ ఇష్టమని ఊరుకునేదాన్నే. కానీ మా చెల్లెలు దుర్గ బాలింత. పాలు బాగా పడతాయని పూటపూటా ఆ చెరువు కొరమీనే వండి పెడుతున్నారు. కొవ్వులో చేరింది పాలలోకీ దిగుతుంది. తినకే అని ఫోన్‌లో ఎన్నిసార్లు మొత్తుకున్నా "మావయ్యగారికి ఎలా చెప్పనక్కా" అనేది. నాకు ఒళ్ళు మండేది.

బారసాల మర్నాడు భోజనాలకు వెళ్ళాను. ఫణికిరణ్‌ను పెద్దపీట వేసి కూర్చోబెట్టారు. పక్కనే కుర్చీలో దుర్గ, ఒళ్ళో పిల్లాడు, ముందు గిన్నె నిండా పులుసు. అచ్యుతరావు గారు స్వయంగా కొరమీను ముక్క తెచ్చి ఫణికిరణ్ విస్తరి మీదకు వంగారు.

అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దండీ. చేప నాకు పడదండీ."

"అదేంటండీ, మొన్న హోటల్లో వంజరం లాగించారు కదండీ!"

"అది సముద్రానిదండీ" అని నోరు జారి, నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

అందరికీ అర్థమైంది. అచ్యుతరావు గారికీ అర్థమైంది, మొహం నల్లబడింది. అయినా ఆ మనిషి ఏం చేశారనుకున్నారు? గొంతు సవరించుకుని, "ఫణికిరణ్ గారికి కోడికూర వెయ్యండి. ఈ ముక్క మా కోడలికి వెయ్యండి, పాడైపోతుంది" అన్నారు.

పెళ్ళయ్యాక మా దుర్గ ఆ ఇంట్లో గొంతెత్తడం ఎవరూ వినలేదు. ఆ రోజు విన్నారు. పిల్లాడిని నా చేతికిచ్చి, గిన్నె తీసుకెళ్ళి మామగారి ముందు పెట్టింది.

"మీరు తినండి మావయ్యగారూ. పీడ విరగడైపోయిందిగా."

ఆయన గిన్నెను పక్కకు జరిపారు. చెయ్యి పెట్టలేదు. ఫణికిరణ్ మాత్రం కోడికూర కలుపుకుంటున్నాడు. ఛీ అనిపించింది.

దుర్గ నా దగ్గరకొచ్చి పిల్లాడిని తీసుకుని గుండెకు హత్తుకుంది.

"అక్కా, ఇన్నాళ్ళూ నేను తిన్నదో? అదీ విరిగిపోతుందా?"

"పిల్లాడికి పాలివ్వడం మానకు. ఈ చేప మానెయ్" అన్నాను. ఆమె అడిగింది అది కాదని నాకు తెలుసు.