రెండు బ్రేకులు

మ్యూనిక్ పెద్ద స్టేషన్లో, పంతొమ్మిదో ప్లాట్‌ఫారం చివర ఇనుప బెంచీ మీద కూర్చుని, బుర్గి జెట్ల్ టికెట్టును మోకాలి మీద పరిచి పేర్లు రాస్తోంది. రోజంతా ఎక్కడికైనా తిరగనిచ్చే ఆ టికెట్టు మీద ఐదుగురి పేర్లకి ఐదు గీతలుంటాయి. మొదటి గీత మీద తన పేరు, రెండో గీత మీద ఔమ్యూలర్ పేరు గుండ్రటి అక్షరాలతో రాసి, మిగిలిన మూడింటినీ అడ్డంగా కొట్టేసింది. ఒకప్పుడు ఐదూ నిండేవి. కింద వాటాలో ఉండే దర్జీ కాలం చేశాడు. మూడో అంతస్తు దంపతులు కారు కొనుక్కున్నారు. బుర్గి దర్జీని ఎప్పుడో క్షమించింది కానీ కారు కొన్నవాళ్లని ఇంకా క్షమించలేదు.

పక్కన ఔమ్యూలర్ తన నాలుగు చక్రాల ఊతబండికి ఉన్న చిన్న పీట మీద కూర్చుని ఉన్నాడు. ఎనభై మూడేళ్లు, పొడుగాటి మనిషి, ముప్పై ఏళ్లు ఇదే ఊళ్లో ట్రాము నడిపినవాడు. ఊతబండికి రెండు బ్రేకులున్నా ఆయన ఎప్పుడూ ఒకటే నొక్కుతాడు. బుర్గి వంగి రెండోది నొక్కింది.

"ఎదురుగా ఎనిమిది యాభై ఏడు రైలు తలుపులు తెరుచుకుని ఉంది జెట్ల్ గారూ. అదీ మనవైపే పోతుంది. మూడు నిమిషాల కోసం మనల్నెవరు అడుగుతారు?"

"టికెట్టు తొమ్మిదింటి నుంచి. తొమ్మిదంటే తొమ్మిదే."

"దేవుడి దగ్గరికైనా మీరు వేళ చూసుకునే వెళ్తారు."

"వెళ్తాను. ఎక్కడ రైలు మారాలో కూడా ముందే కనుక్కుని వెళ్తాను."

ఎనిమిది యాభై ఏడు కళ్లముందే కదిలిపోయింది. బుర్గి దానివైపు తిరిగైనా చూడలేదు.

అరవై ఒకటో ఏట ఉన్న బుర్గి పొట్టిగా, భుజాలు వెడల్పుగా ఉంటుంది. ఆసుపత్రి బట్టలుతికే విభాగంలో ముప్పై నాలుగేళ్లుగా వేడి దుప్పట్లు మడతపెట్టడం ఆమె పని. మడిచీ మడిచీ వేలికొసలు అరిగి నున్నబడ్డాయి. సెల్‌ఫోను ఆమె బొటనవేలిని గుర్తుపట్టదు. ప్రయాణానికి బయల్దేరినప్పుడల్లా మూటలకి కట్టే పసుప్పచ్చ అట్టముక్క ఒకటి తెచ్చుకుని, దాని వెనకవైపు రైళ్ల వేళలు రాసుకుంటుంది. ఇవాళ్టి చీటీ మీద నాలుగు వరసలున్నాయి. తొమ్మిది నాలుగు, పది ముప్పై ఒకటి, మధ్యాహ్నం మూడు పన్నెండు, నాలుగు నలభై. ఒక్కో రైలూ దిగగానే ఆ వరస పక్కన టిక్కు పెట్టడం ఆమె అలవాటు.

ఈ పిచ్చి ఆమెకి అమ్మ మంచాన పడ్డప్పుడు పట్టుకుంది. పదకొండేళ్లు ఆ మంచం పక్కనే సాయంత్రాలు గడిచాయి. ఇంట్లో రైళ్ల వేళల లావుపాటి పుస్తకం ఒకటుండేది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఇక్కడ దిగి ఆరో ప్లాట్‌ఫారానికి వెళ్తాం అమ్మా, అనేది. కాఫీ తాగే టైముందా అని అమ్మ అడిగేది. పద్నాలుగు నిమిషాలుందనేది బుర్గి. అలా ఇద్దరూ సరస్సులన్నీ చుట్టేశారు, కొండలన్నీ ఎక్కేశారు, కాగితం మీద. అమ్మని నిజంగా ఒక్కసారైనా రైలెక్కించలేకపోయిన బాధ బుర్గికి పోలేదు. అమ్మని మట్టిచేసిన మరుసటి వారమే ఇరుగుపొరుగుని పోగేసి మొదటిసారి బయల్దేరింది.

నెల కిందట ఔమ్యూలర్ మెట్ల దగ్గర ఆమెని ఆపి ఒక ఉత్తరం చేతిలో పెట్టాడు. ఆయన భార్య రోజ్ల్‌ని వైడెనాఖ్ అనే పల్లెలో, ఆమె పుట్టింటివాళ్ల సమాధిలోనే పెట్టారు. అక్కడ సమాధి చోటుని అద్దెకే ఇస్తారు, ఇరవై ఐదేళ్ల గడువు తీరిపోయింది. గడువు పెంచే హక్కు ఆమె మేనల్లుడిది, అతను అక్కర్లేదన్నాడు. ఫలానా బుధవారం ఒంటిగంటకి రాయి ఎత్తేస్తారని ఆ ఉత్తరంలో ఉంది.

బుర్గి ఉత్తరం మడిచి ఇచ్చేసి ఒకటే అడిగింది. "మీరు మెట్లు ఎన్ని ఎక్కగలరు?"

"దిగడానికైతే పదకొండు. ఎక్కడానికి ఆరు."

పోయిన బుధవారం తన సెలవు రోజున ఆమె ఒక్కతే ఆ దారంతా వెళ్లి చూసొచ్చింది. మామూలుగా రైలు మారే చోట ముప్పై నాలుగు మెట్లున్నాయి, లిఫ్టుకి పనిచేయదని బోర్డు కట్టి ఉంది. అక్కడే నిలబడి పుస్తకం తీసి ఇంకో దారి వెతికింది. మ్యూల్‌హోఫ్ మీదుగా పోతే యాభై నిమిషాలు ఎక్కువ. కానీ అక్కడ వైడెనాఖ్ వైపు పోయే కొమ్మలైను రైలు అదే ప్లాట్‌ఫారానికి అవతలి వైపు ఆగుతుంది. మెట్టనేదే లేదు. ఈ వారం సెలవు కోసం తోటి పనామెతో రెండు ఆదివారాలు మార్చుకుంది.

తొమ్మిది నాలుగు రైలు వేళకే కదిలింది. పొలాల మధ్య ఒకచోట ఆగిపోయింది. ఒక నిమిషం, రెండు, ఐదు. మ్యూల్‌హోఫ్‌లో రైలు మారడానికి ఉన్నది తొమ్మిది నిమిషాలు. అది తప్పితే మళ్లీ రెండు గంటలు ఆగితే గానీ ఇంకో రైలు లేదు, ఆ రైలెక్కితే వాళ్లు చేరేటప్పటికి రాయి ఉండదు. ఔమ్యూలర్‌కి ఇదంతా తెలుసు. ఆయన కిటికీలోంచి చూస్తూ టోపీ అంచు తిప్పుకుంటున్నాడు.

బుర్గి లేచి టికెట్లు చూసే పిల్ల దగ్గరికెళ్లింది. "మ్యూల్‌హోఫ్‌లో ఆ రైలుని కాసేపు ఆపమని చెప్పమ్మా."

"ఆపరండీ. ఇద్దరి కోసం అస్సలు ఆపరు."

"నువ్వు ఫోను చేసి అడుగు. అడగడానికి టికెట్టేం అక్కర్లేదుగా."

ఆ పిల్ల ఫోను చేసింది. అటునుంచి చూస్తామన్నారట. చూస్తామంటే చూడరని బుర్గికి తెలుసు. ఆసుపత్రిలో కొత్త యంత్రం గురించి ఆరేళ్లుగా ఆ మాటే వింటోంది. రైలు మళ్లీ కదిలాక కోటు గుండీలు పెట్టుకుని, ఊతబండి మడత విప్పి, ఐదు నిమిషాల ముందే తలుపు దగ్గరికి చేరింది.

"ఔమ్యూలర్ గారూ, మీరు ఈ అమ్మాయి చెయ్యి పట్టుకుని మెల్లిగా రండి. నేను ముందెళ్తాను."

"ఊతబండి లేకుండానా?"

"ఊతబండి నాకు కావాలి."

మ్యూల్‌హోఫ్‌లో రైలు ఆగేసరికి అవతల కొమ్మలైను రైలు తలుపులు మూసుకోబోతూ కీచుమంటున్నాయి. బుర్గి ఊతబండిని తోసుకుంటూ పరిగెత్తింది. ముందు చక్రాలు ఆ రైల్లో, వెనక చక్రాలు ప్లాట్‌ఫారం మీద ఉండేలా గుమ్మంలో నిలబెట్టి, రెండు బ్రేకులూ నొక్కి, పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. తలుపులు వచ్చి ఊతబండిని తాకి వెనక్కి పోయాయి.

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "అమ్మా, అది తియ్యండి. టైమైపోయింది."

"బ్రేకులు పట్టేశాయి బాబూ, రావట్లేదు. దీని యజమాని వస్తున్నాడు, ఆయనకే తెలుసు తియ్యడం."

రైలువాళ్లతో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. మెడ దాకా ఎర్రబడింది. ఔమ్యూలర్ ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ వచ్చాడు. మొత్తం నలభై అడుగులు, బుర్గి లెక్కపెట్టింది. ఆయన లోపలికి ఎక్కాక బ్రేకులు చక్కగా వచ్చేశాయి.

సీట్లో కూలబడి ఆయన చాలాసేపు ఆయాసపడ్డాడు. తరవాత నవ్వాడు. "మూడు నిమిషాలకి ఒప్పుకోని మనిషి రైలునే ఆపేసింది. నా ట్రాములో ఈ పని చేసుంటే మిమ్మల్ని దింపేసేవాణ్ణి."

"దింపినా దిగేదాన్ని కాను," అని బుర్గి చీటీ మీద రెండో వరస కిందికి చూపుడువేలు జరిపింది.

వైడెనాఖ్ శ్మశానం చర్చి వెనకే ఉంది. వాళ్లు చేరేసరికి పన్నెండు కాలేదు. ఔమ్యూలర్ రాయి మీద నాచుని గోటితో గీకి, రోజ్ల్ పేరులో అక్షరాలు ఒక్కొక్కటే శుభ్రం చేశాడు. గంటలో తీసేసే రాయికి ఎందుకీ చాకిరీ అని బుర్గి అనలేదు, రుమాలు తడిపి ఇచ్చింది. రాయి ముందున్న ఎర్రగాజు దీపాన్ని ఆయన మర తిప్పి ఊడదీసి ఊతబండి బుట్టలో పెట్టుకున్నాడు. అప్పుడు కోటు జేబులోంచి మూలికల మందు చిన్న సీసాలు రెండు తీశాడు, బొటనవేలంత ఉంటాయి.

"ఇరవై రెండేళ్ల నుంచి ఎదురెదురు తలుపులు. పెద్దవాణ్ణి నేను, నేనే అడగాలి. నా పేరు కోర్బీ. ఇకమీదట నన్ను మీరు అనకు, నువ్వు అను."

సీసాలు ఒకదానికొకటి తాకించి తాగారు. మందు చేదుగా ఉంది. అమ్మ పోయాక మ్యూనిక్ మొత్తంలో బుర్గిని ఎవరూ నువ్వు అన్లేదు, తనూ ఎవర్నీ అన్లేదు. ఆడపిల్లల్నీ కుక్కల్నీ తప్ప.

"సరే," అంది. "మీరు ఇప్పుడు కాస్త కూచోండి."

"మీరంటే ఎవరెవరు? నేనూ ఈ ఊతబండీనా?"

ఒంటిగంటకి రాయి ఎత్తేవాళ్లు వచ్చారు. ఔమ్యూలర్ వాళ్లకి టోపీ ఎత్తి నమస్కారం పెట్టి, వెనక్కి తిరక్కుండా గేటు దాటాడు. పూటకూళ్ల ఇంట్లో కాలేయపు ఉండల పులుసు తాగారు. ఆయన ఒక ఉండ ఆమె గిన్నెలోకి తోశాడు. వచ్చే నెల ఎక్కడికి బుర్గీ, అని అడిగాడు. మెట్లు లేని సరస్సు ఒకటుంది, మీకు చూపిస్తానంది. ఆయన ఊతబండి వైపు తిరిగి, విన్నావా, నిన్ను కూడా తీసుకెళ్తుందట, అన్నాడు. బుర్గికి నువ్వు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది కానీ, పులుసు తాగుతూ అనాలంటే సిగ్గేసింది. రైల్లో అంటాననుకుంది.

మూడు పన్నెండు రైల్లో ఎండ ఆయన ఒళ్లో పడుతోంది. ఆయన ఎర్ర దీపాన్ని ఒళ్లో పెట్టుకుని, తల కిటికీకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. నిద్ర చెడగొట్టడం దేనికని బుర్గి సరస్సు దారికి వేళలు రాసుకుంటూ కూర్చుంది. మ్యూల్‌హోఫ్ వచ్చింది. కొమ్మలైనుకి అదే ఆఖరు. మూడో వరస పక్కన టిక్కు పెట్టింది.

"ఔమ్యూలర్ గారూ, దిగాలి."

జనం దిగిపోయారు.

"ఔమ్యూలర్ గారూ."

ఆమె వంగి ఆయన చేతి మీద చెయ్యి వేసింది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

"కోర్బీ, లే. నువ్వు ఇక్కడ దిగాలి."

ఆ మాట పూర్తయ్యేలోపే ఆమెకి అర్థమైంది. ఎదుటి సీట్లో కూర్చుంది. ఇరవై రెండేళ్లలో అన్న ఒక్క నువ్వూ ఆయనకి వినపడలేదని ఏడుపొచ్చింది, ఏడ్చింది. కిటికీలోంచి చూస్తుండగా అవతల నాలుగు నలభై రైలు వేళకి వెళ్లిపోయింది.

డాక్టరు వచ్చాడు, తరవాత పోలీసులు ఇద్దరు. వాళ్లలో ఒకడు కాగితం రాసుకుంటూ అడిగాడు. "మీరు ఆయనకి ఏమవుతారు?"

బుర్గి టికెట్టు తీసి, రెండు పేర్ల మీద వేలు పెట్టి చూపించింది. "ఇద్దరిదీ ఒకే టికెట్టు."

ఆయన్ని తీసుకెళ్తూ ఊతబండిని ఆమెకే వదిలేశారు. ఆరు నలభైకి ఎక్కి, ఇంటి లిఫ్టు దాకా దాన్ని తోసుకుంటూ వచ్చింది. బయట ఇంకా వెలుతురుంది. తన తలుపు దగ్గర నిలబడి చీటీ తీసి, నాలుగు నలభైని కొట్టేసి ఆరు నలభై అని రాసి, టిక్కు పెట్టింది.

ఎదురు తలుపు ముందు, పీట కింది బుట్టలో ఎర్రగాజు దీపంతో, రెండు బ్రేకులూ నొక్కి ఊతబండి నిలబడి ఉంది.