కృష్ణమ్మ కడిగిచ్చిన గొంతు గొట్టం

శాంతిపురం ఎల్లమ్మ కూతురు నందిని మేక గొంతు గొట్టాల్ని సబ్బునీళ్లలో కడిగే పని చేస్తుందంటే ఊళ్లో నవ్వేవాళ్లు నవ్వారు. "కుప్పం దాటిపోయి సదివింది ఇందుకా?" అని కన్నతల్లే అడిగింది. అడిగితే అడగనీ, పని మాత్రం చిన్నదేం కాదు. అంగళ్లు దగ్గరి కాలేజీ ల్యాబులో ఆ గొట్టంలోని మేక కణాలన్నిటినీ కరిగించి తీసేస్తే తెల్లటి చట్రం ఒకటి మిగులుతుంది. మదనపల్లె చేలల్లో టమోటా పంట పీకేశాక కర్రలూ తాళ్లూ మిగలవూ, అట్లా. దాని మీద రోగి సొంత కణాల్ని పెంచితే, చెడిపోయిన ఊపిరి గొట్టానికి బదులుగా ఏనాటికైనా అమర్చవచ్చునని ఆశ.

ఆశ బాగానే ఉంది, చట్రమే కుదరడం లేదు. కణాలకు అంటుకుని మెరిసే రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. చీకటిగా ఉంటే కణాలు పోయినట్టు, మెరిస్తే ఇంకా ఉన్నట్టు. మూడుసార్లు చూసింది, మూడుసార్లూ మెరిసింది. సబ్బు మోతాదు పెంచుకుంటూ పోతే మూడో గొట్టం చేతిలోనే పీలికలైపోయింది. గైడు ప్రతాప్ సారు కోప్పడలేదు. "ఇంకొక్కసారి చూద్దామమ్మా. కాకపోతే ఈ పని మూసేద్దాం," అన్నాడు. తిట్టినా బాగుండేది. రెండేళ్ల కష్టం గంగలో కలిసేట్టుంది.

గొట్టాలు పుంగనూరులో ఆదెప్ప మాంసం అంగడి నుంచి వచ్చేవి. ఆ ఊరివాడే అయిన ల్యాబు అటెండరు వినోద్ పొద్దున్నే ఐసు డబ్బాలో తెచ్చేవాడు. ఈసారి వినోద్‌కు జ్వరం. నందినే డబ్బా పట్టుకుని మొదటి బస్సెక్కింది.

ఆదెప్ప గొట్టం కోసి భార్య కృష్ణమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని నీళ్లలో జాడించి, ఉప్పేసి, గుప్పెడు పసుపు తీసి లోపలా బయటా పట్టించి, పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు ఓపిగ్గా రుద్దింది. మళ్లీ కడిగేసరికి రంగు ఉందా లేదా అన్నంత పల్చబడింది.

ఆ మైక్రోస్కోపు వెలుగులో పసుపు దానంతటదే మెరుస్తుంది. ఆ సంగతి నందినికి తెలుసు. తెలియందల్లా కృష్ణమ్మ చేతి పని. ఇన్నాళ్లూ తాను చూసింది కణాల్ని కాదు, ఈ పసుపుని!

"అక్కా, పసుపు యాల పూస్తాండావు?"

"యాలంటే? మనిషి ఒంట్లో పెట్టేదంట గదా, వినోద్ సెప్పినాడు. పచ్చిగా ఎట్లిచ్చేదమ్మా? కూరకైతే నీళ్లతో కడిగి ఇచ్చేస్తాం. ఇది ఒక పానానికి పెట్టేది."

నోటిదాకా వచ్చిన కోపం నోట్లోనే ఆగిపోయింది.

"ఇంక పసుపొద్దక్కా, ఉప్పూ వద్దు. కోసింది కోసినట్టే ఇయ్యి."

"కడక్కుండానా?" కృష్ణమ్మ మొహం చిన్నబోయింది.

"సదువుకున్నోళ్లకి తెలీదా? ఇయ్యి మే," అని ఆదెప్ప ఇంకో గొట్టం కోసి తానే డబ్బాలో పెట్టాడు.

తిరుగు బస్సులో నందిని తనను తానే తిట్టుకుంది. రంగు వెయ్యని ముక్కనొకదాన్ని పక్కన పెట్టి చూసుంటే అదీ మెరిసేది, మొదటిరోజే గుట్టు తెలిసేది. తొందరలో ఆ మెట్టు దాటేసింది. సారుకు ఆ మాటే చెప్పింది, తప్పును అంగడి మీదికి నెట్టలేదు.

పదోరోజు రంగు వేసి చూసింది. చీకటి. ముక్క మార్చింది. చీకటే. చీకటిని చూసి అంత సంబరపడిన మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరు ఉండరు. ప్రతాప్ సారు తానూ ఒకసారి చూసి, "కానీమ్మా," అన్నాడు. పని మూతపడకుండా నిలబడింది.

ఆ సంబరంలోనే పుంగనూరికి ఫోను చేసింది. "అక్కా, కుదిరింది!"

"మంచిదమ్మా. అయితే ఎవురికి పెడతాండారు?"

ఇంకా ఎలుకల్లో చూడాలి. ఎన్నేళ్లు పడుతుందో, అసలు మనిషిదాకా వస్తుందో రాదో. రెండేళ్లుగా మెరిసిందా లేదా అన్న ధ్యాసే తప్ప, ఎవరికి అని నందిని ఒక్కనాడూ అనుకోలేదు. సిగ్గేసింది.

"ఇంకా శానా ఏండ్లు పడతాదక్కా. ఎవురికో తెలీదు."

"ఎవురైతేనేంలే. అందాకా ఆ మనిషి ఊపిరి బిగబట్టుకోని ఉండాల గదా," అంది కృష్ణమ్మ. "నువ్వు తడవు సెయ్యకుండా బిన్నా కానీ తల్లీ."