ఫల్గుణ సముద్రపు వేట

ఇటుకల పండగకి వేటకెళ్ళిన మగాడు ఒట్టి చేతులతో తిరిగొస్తే, ఊరి ఆడవాళ్ళు అతని నెత్తిన పేడనీళ్ళు కుమ్మరిస్తారు. అరకు కొండల్లో అది తాతల నాటి రివాజు. ఫల్గుణ వరసగా మూడేళ్ళు తడిశాడు. తొంభై ఆరో సంవత్సరం చైత్రంలో నాలుగోసారి మాత్రం తడిసేది లేదని ఒట్టేసుకున్నాడు. అయితే అడవిలో వేటాడ్డానికి మిగిలింది ఫారెస్టు గార్డు ఒక్కడే. ఉన్న ఒకటీ అరా కుందేళ్ళు కూడా కాఫీ తోటలొచ్చాక మకాం మార్చేశాయి.

అందుకని మిగతా మగాళ్ళు కొండెక్కుతుంటే, ఫల్గుణ విల్లు భుజాన తగిలించుకుని, బావమరిది కామేష్‌ని వెంటబెట్టుకుని విశాఖపట్నం బస్సెక్కాడు.

"ఏటి బావా, బస్సులో ఏటకేటి?" అన్నాడు కామేష్.

"కొండమీద నేదంటే కింద ఉండాల గదరా. సముద్రం కన్నా కిందకి ఏటుంటాది?"

విశాఖలో బస్సు మారి భీమిలిలో దిగేసరికి ఇసక కాళ్ళు కాల్చేస్తోంది. అన్ని నీళ్ళు ఒక్కచోట చూసి ఫల్గుణ ఒక దోసెడు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. ఒడ్డుకి దగ్గర్లో, కంచె లోపల నల్లబడిన పాత సమాధులున్నాయి. అక్కడి కాపలాదారు జగన్నాథరావు బెంచీ మీంచి లేవకుండానే చెప్పాడు.

"డచ్చి దొరలు. మూడొందల ఏళ్ళనాడు దారి తెలీని సముద్రంలో చుక్కల్ని చూసుకుంటూ ఓడలేసుకొచ్చి ఈ తీరాన్ని కనిపెట్టారు."

"అప్పటికిక్కడ మనుసులు నేరా బాబూ?"

"ఉన్నారు. చేపలు పట్టుకుంటున్నారు."

"మరాలు కనిపెట్టనేదా?"

"చేపలతోనే సరిపోయుంటుంది."

"ఈలు మల్లీ ఇంటికెల్లనేదేటి?"

"జ్వరాలొచ్చి పోయారు."

ఫల్గుణ తల అడ్డంగా ఊపి, కామేష్ చెవిలో అన్నాడు. "జొరం కాదురా. నెలల తరబడి తిరిగినా ఏటీ దొరకనేదు. ఒట్టి సేతుల్తో ఎల్తే పెల్లాలు ఊరి మొగన కుండలట్టుకుని నిలబడుంటారు. అందుకే ఇక్కడుండిపోనారు."

"ఆలకీ ఇటుకల పండగుంటాదా?"

"పెల్లాలున్న సోటల్లా ఉంటాది. నాను నలభై ఏళ్ళ నుంచి పోడు కొడతన్నానా, సెంటు బూమికి పట్టా నేదు. దారి తప్పొచ్చినోడికి కంచేసి మరీ ఇచ్చేరు, సూడు."

ఆ కోపంలోనే వెళ్ళి నూకరత్నం అనే ఆవిడ గంపలోంచి చెయ్యంత వంజరం చేప కొన్నాడు. కానీ కొన్నది వేట కాదు. చేపని ఇసకలో పడుకోబెట్టి, ఏడడుగులు వెనక్కి నడిచి, బాణం వదిలాడు. బాణం సముద్రంలో పడింది.

"సచ్చిన సేప కూడా తప్పించుకున్నాది తండ్రీ," అంది నూకరత్నం. "ఇంకొంచెం దగ్గరకెల్లు. కరవదు."

రెండో బాణం మొప్పల దగ్గర దిగింది. ఆవిడే జాలిపడి చేపకి ఉప్పు పట్టించి ఇచ్చింది.

మర్నాడు ఊరి మొగలో ఫల్గుణ తన వేట కథ మొదలెట్టి ఇంకా ఓడదాకా రాకుండానే, పెళ్ళాం అప్పలనర్సమ్మ చేపనందుకుని గాయాన్ని వేలితో నొక్కి చూసింది. ఇరవై ఏళ్ళుగా మాంసం కోసిన చెయ్యి అది.

"నెత్తురు కారనేదు. ఇది సచ్చినాక తగిలిన దెబ్బ. ఒరే కామేసూ, నువ్ సెప్పు."

తమ్ముడు కామేష్ వంగి చెప్పుల్లో ఇసక దులుపుకోసాగాడు. దాంతో తీర్పయిపోయింది. కానీ కుండలు ఖాళీ. మిగతా వేటగాళ్ళు ముందే వచ్చి, వరసగా తడిసి ఎండలో ఆరుతున్నారు. ఊళ్ళో పేడ అయిపోయింది.

"ఎర్రావు ఇంకా పేడెయ్యాల. అందాకా ఆ రాయి మీద కూకో," అంది అప్పలనర్సమ్మ.

ఫల్గుణ కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేక మొదలెట్టాడు. పన్నెండు తెరచాపల ఓడ, కొండంత అల, కేప్టెన్ దొర, అతని కోసం నోరు తెరిచిన సొరచేప. తడిసినవాళ్ళు దగ్గరికి జరిగారు. ఆడవాళ్ళు ఖాళీ కుండలు బోర్లించి వాటి మీదే కూర్చున్నారు. ఇంతలో పొరుగింటి యర్రమ్మ నిండు కుండతో గబగబా వచ్చి ఎత్తబోయింది. అప్పలనర్సమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండొదినా. ఆ దొరని సొర మింగిందో కక్కిందో తేలనీ."

ఫల్గుణ కుండ వంక ఒకసారి చూసుకున్నాడు.

"ఆ సేప కడుపులో ఏడు గదులున్నాయి," అని మొదటి గది తలుపు తీశాడు.