ఎడమ గీత దగ్గర

అమెరికాలోని చాండ్లర్‌లో మన తెలుగువాళ్ళు ఏది మొదలుపెట్టినా ముందు కొబ్బరికాయ కొట్టాల్సిందే. కొత్త కారుకీ అంతే, పిల్లల సాకర్ టోర్నమెంటుకీ అంతే. ఆ శనివారం పొద్దున పార్కులో గ్రౌండు నడుమ వినాయకుడి పటం పెట్టారు. పటం ముందు బంతి, బంతికి కుంకుమ బొట్టు. పూజ కదా, అందరూ బూట్లు విప్పి నిలబడ్డారు. కాయ కొట్టడం చిటికెలో అయిపోయింది గానీ ఉపన్యాసాలు మాత్రం ఒక పట్టాన తెమిలేలా లేవు.

ఉమకి ఒళ్ళంతా పులిసిపోయినట్టుంది. వారమంతా కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో చాకిరీ, ఇంటికొస్తే తొంభై ఏళ్ళ తండ్రి. కిందటేడు రామమోహన్ బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇంకోసారి పడితే ఇక మంచమేనని డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచి ఆమె ఆయన చేత మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తనివ్వడం లేదు. టోర్నమెంటు మొదటి కిక్ ఆయన చేత కొట్టించి సన్మానం చేస్తామంటే, మాట తీసుకునే తీసుకొచ్చింది. వాకర్ వదలకూడదు, బంతికి కాలి వేలు అలా తాకించి వచ్చెయ్యాలి.

రామమోహన్ ఒకప్పుడు సికింద్రాబాద్ మైదానాల్లో ఉత్తకాళ్ళతో ఆడిన లెఫ్ట్ వింగర్. కలకత్తా క్లబ్బువాళ్ళు చూసి ముచ్చటపడి, జీతమిచ్చి పట్టుకెళ్ళారు. మైదానపు ఎడమ అంచు గీత వెంబడి ఆయన పరుగందుకుంటే, ఎదుటివాడు వెనక్కి తిరిగేలోపే బంతి గోల్ ముందు పడేదట. అట అనే అనాలి. ఎందుకంటే ఉమ పుట్టేనాటికే ఆ వైభోగమంతా ముగిసిపోయింది. ఆమె చూసింది కరెంటాఫీసు నుంచి కుంటుకుంటూ వచ్చి మడతకుర్చీలో వాలిపోయే మనిషిని. ఆ మనిషి చెప్పేది కూడా ఒకటే కథ. వినీ వినీ ఆమె చెవులు దిమ్మెక్కిపోయాయి.

కలకత్తాలో ఒక ఫైనల్. ఇంటర్వెల్‌కి ముందే ఆయన మోకాలు మెలిపడింది. దెబ్బ తగిలినవాడి బదులు ఇంకొకణ్ణి దింపే రూలు అప్పట్లో లేదు. గట్టిగా కట్టు కట్టించుకుని, మళ్ళీ వెళ్ళి ఎడమ గీత దగ్గర నిలబడ్డాడు. ఆ సెకండ్ హాఫంతా ఆయనకి ఒక్క బంతి కూడా రాలేదు. జట్టువాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. పాపం, కుంటివాణ్ణి ఏం పరిగెత్తిస్తాంలే అనుకున్నారు. ఆయన ఆట అక్కడితో సరి.

"ఇప్పుడు మన లెజెండ్ రామమోహన్ అంకుల్ కిక్ చేసి టోర్నమెంట్‌ని ఇనాగరేట్ చేస్తారు! గట్టిగా క్లాప్స్ కొట్టండి!" అని మైకులో అరిచాడు అసోసియేషన్ ప్రెసిడెంటు తేజేశ్వర్. శాలువా కప్పారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. రామమోహన్ బంతి వంక చూశాడు, వినాయకుడి వంక చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

"నేనీడ కొట్ట."

"ఏమైంది అంకుల్?"

"నడుమకెంచి కొట్టేది సెంటర్ ఫార్వర్డు. నేను వింగర్ని. నా జిందగీల ఈడికెంచి ఆట షురూ జెయ్యలే."

"జస్ట్ ఫొటో కోసమే కదా అంకుల్, షెడ్యూల్ లేట్ అయిపోతోంది..."

ఎవరి మాట వింటాడు! వాకర్ తిప్పుకుని, ఉత్తకాళ్ళతో, ఎడమ గీత వైపు బయల్దేరాడు. "ఎటు పోతున్నవ్ నాన్నా?" అని ఉమ గొంతు తగ్గించి కోప్పడింది. "నా జాగకి" అన్నాడాయన. ఆ కాస్త దూరానికి ఎంతసేపు పట్టిందో ఆ దేవుడికే తెలియాలి. ఎండెక్కుతోంది, పిల్లలు గొణుగుతున్నారు, ఉమ తల కొట్టేసినట్టయి నిలబడింది. గీత మీదికి చేరి, ఆయన ఇటు తిరిగాడు.

"ఇయ్యుండ్రి బంతి."

తేజేశ్వర్ కాలెత్తాడు. ఎంత బలంగా తంతాడోనని ఉమ చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వాగు తేజా" అని తనే ముందుకెళ్ళింది. ఆయన అంగుళం కూడా కదలక్కర్లేకుండా, గాజు సామాను జరిపినట్టు బంతిని మెల్లగా నెట్టింది. అది దొర్లుకుంటూ పోయి వాకర్ కాలికి తగిలి ఆగింది. జనం చప్పట్లు కొట్టారు.

రామమోహన్ దాన్ని ముట్టుకోలేదు. "గిదేం పాసు బిడ్డా? కాళ్ళకాడ దెచ్చి పెడ్తే నేనేం జేస్త? ముందట ఇయ్యాలె. నేను ఉరికి అందుకోవాలె."

"ఉరుకుతవా? పడితే?"

"పడ్తే పడ్త. ఆనాడు గూడ అందరు నీ లెక్కనే పాపమనుకున్నరు."

ఇన్నేళ్ళూ చెవులు దిమ్మెక్కేలా విన్న కథ ఒక్కసారిగా ఉమ మీదికే వచ్చిపడింది. గ్లాసు ఎత్తనివ్వలేదు, గుమ్మం దిగనివ్వలేదు, అంతా ప్రేమనే అనుకుంది. ప్రేమే. ఆనాటి జట్టువాళ్ళది కూడా ప్రేమే కాబోలు. ఆమెకి సిగ్గేసింది, దాన్ని మించి భయమూ వేసింది.

వెళ్ళి బంతి తెచ్చుకుంది. కళ్ళు మూసుకోవాలనిపించింది గానీ మూసుకోలేదు. ఈసారి ఆయన కాళ్ళ దగ్గరికి కాకుండా, గీత వెంబడి కాస్త ముందుకి తన్నింది.

రామమోహన్ వాకర్ వదిలేశాడు.

"అయ్యయ్యో!" అన్నారెవరో. ఆయన ఊగాడు, తూలాడు, కుడికాలు ఈడ్చుకుంటూ నాలుగు అడుగులు వేశాడు. శాలువా జారిపోయింది. గీత దాటబోతున్న బంతిని ఎడమ అరికాలితో అదిమిపట్టి ఆపాడు. ఆపి, తలెత్తి గోల్ వైపు చూశాడు. ఆయన పాసు అందుకునేందుకు అక్కడ ఎవరూ లేరు.

ఆ చూపు దేనికోసమో ఫుట్‌బాల్ తెలియని ఉమకి కూడా అర్థమైంది. కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గోల్ వైపు పరుగు తీసింది. చివరిసారి ఎప్పుడు పరిగెత్తిందో ఆమెకే గుర్తులేదు. సగం దూరం పోయేసరికి ఆయన ఎడమకాలు కదిలింది. బంతి మెల్లగా వచ్చింది, ఆమె కాళ్ళ దగ్గరికి కాదు, ఆమెకి ఒక్క అడుగు ముందుకి.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా! కొట్టు!"

కొట్టింది. కళ్ళ నిండా నీళ్ళు, గోల్ ఎక్కడుందో కూడా కనిపించలేదు. అరుపులను బట్టే, లోపలికి పోయిందని తెలిసింది.

వెనక్కి ఉరికి భుజం కింద చెయ్యి వేసేసరికి ఆయన ఒళ్ళంతా వణుకుతోంది. "నేనలిసిన, బిడ్డా" అన్నాడు. "ఇగ ఇంటికి పోదాం."

ఆయన అలసిపోయి ఇంటికి రావడం ఉమ పుట్టిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉంది. ఆడి అలసిపోవడం మాత్రం ఇవాళే చూసింది.