కుటుంబ సమేతంగా చూడదగ్గ చిత్రం

"మ్యాట్నీకి పోయి చూసి రా. రేపు పొద్దున బస్సుకే చిత్తూరికి పంపించాల," అంటూ సౌందరరాజన్ రెండు సినిమా పాసులు రుబ్బురోలు పక్కన పెట్టి బడికి వెళ్లిపోయాడు. ఆయన తిరుపతిలో తెలుగు పంతులు. చేతినిండా పిండితో భార్య వేదవల్లి తలూపింది. చిత్తూరు వారపత్రికలో నాలుగేళ్లుగా ఆయన పేరుతో వస్తున్న సినిమా సమీక్షలన్నీ ఆమె రాసినవే. ఆయనకు తీరిక లేదు. వంటయ్యాక ఆమెకు ఉండేదంతా తీరికేనని ఆ ఇంట్లో అందరి నమ్మకం.

రెండో పాసుతో పక్కింటి రహిమున్నీసాను తీసుకెళ్లింది. రహిమున్నీసా జాకెట్లు కుడుతుంది. పిల్లల్లేరని అత్తగారు పెరుందేవి సాధించినప్పుడల్లా వేదవల్లి వెళ్లి కూర్చునేది ఆ కుట్టుమిషను దగ్గరే.

హాస్యచిత్రం. ఆడవాళ్ల బెంచీలు కిటకిటలాడుతున్నాయి. హీరో బురఖా వేసుకుని ఆడవాళ్ల గదిలో దూరితే హాలంతా ఈలలు. వేదవల్లి కూడా నవ్వింది. బిర్యానీ అమ్మే సాయిబు వచ్చీరాని తెలుగు మాట్లాడి తన్నులు తిన్నప్పుడూ నవ్వుతూనే పక్కకు తిరిగింది. రహిమున్నీసా నవ్వడం లేదు.

"మావోళ్లు సినిమాలో కనపడేది దీనికేనా అక్కా?" అంది మెల్లిగా.

తర్వాత తెర మీదికి పిల్లల్లేని వదిన పాత్ర వచ్చింది. గుడ్డబొమ్మకు పాలు పట్టి, జోల పాడింది. హాలు పొట్ట పట్టుకుని నవ్వింది. ఇలాంటి వాటి గురించే "హాస్యం బాగా పండింది" అని తను ఎన్నిసార్లు రాసిందో వేదవల్లికి గుర్తొచ్చింది. ఆ తర్వాత తెర మీద ఏం జరిగిందో ఆమె కళ్లకు ఆనలేదు.

ఆ సాయంత్రం ఆమె రాసింది వేరు. ఇందులో నవ్వేవాళ్లెవరు, నవ్వులపాలయ్యేవాళ్లెవరు అని ఒక్కొక్కరి గురించీ రాసింది. నల్లటి పనిమనిషి, సాయిబు, మన సీమ మాట మాట్లాడే దొంగ, గొడ్రాలు. "వీళ్లకు ఒక ఇల్లుందా, కోరికుందా, కనీసం పేరుందా?" అని ముగించింది.

సౌందరరాజన్ చదివి కళ్లజోడు తీశాడు. "కామెడీ సినిమాకు ఈ ఏడుపేంది? పిల్లల్లేరని నీకుండే బాధ తెచ్చి సినిమా మీద రుద్దితే ఎట్లా?" అని అంతా కొట్టేసి, "కుటుంబ సమేతంగా హాయిగా నవ్వుకోదగ్గ చిత్రం" అంటూ తనే నాలుగు వాక్యాలు గీకి పంపించాడు.

ఆదివారం రహిమున్నీసా పత్రిక పట్టుకుని వచ్చింది. "ఇది నువ్వు రాసినావా అక్కా? నా పక్కనే కూసోనుంటివే."

వేదవల్లి లోపలికి పోయింది. కొట్టేసిన కాగితాలు తెచ్చి, గడప మీదే కూర్చుని మొదటినుంచీ చదివి వినిపించింది. రహిమున్నీసా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"బాగా రాసినావక్కా. కానీ ఆ హాల్లో నవ్వినోళ్లు ఎవురూ దీన్ని సదవరు గదా," అని లేచి వెళ్లిపోయింది. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

శుక్రవారం సౌందరరాజన్ మరో సినిమా పేరు చెప్పాడు.

"రాస్తాను. కానీ నేను రాసిందే అచ్చు కావాల. కింద నా పేరుండాల," అంది వేదవల్లి.

ఆయన పకపకా నవ్వాడు. "అమ్మా, విన్నావా?" అని కేకేశాడు. లోపల్నుంచి పెరుందేవి కూడా నవ్వింది. వాళ్ల నవ్వు ఆగేదాకా వేదవల్లి అక్కడే నిలబడింది.

ఆ వారం పత్రికలో సినిమా సమీక్ష రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు.